మీ రక్తపరీక్ష వెనుక ఉన్న పట్టా

హైటెక్ సిటీ చరిత్రను 1998లో సైబర్ టవర్స్ ప్రారంభోత్సవంతో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. కాని అంతకు ముందే, సాఫ్ట్‌వేర్ సంస్థల ఊసు లేని కాలంలోనే, గచ్చిబౌలి రాతిగుట్టల నడుమకు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ ఎంజైముల మీద, కణాల మీద పరిశోధన సాగింది.

ఆ విశ్వవిద్యాలయం పుట్టుక కూడ విచిత్రమైనదే. 1969, 1972 ఉద్యమాల తరువాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో హైదరాబాదుకు ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నది ఒక అంశం. దానికోసం రాజ్యాంగాన్నే సవరించి 371-ఇ అధికరణాన్ని చేర్చారు. 1974లో చట్టం వచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలినాళ్ళలో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు ‘గోల్డెన్ థ్రెషోల్డ్’లో నడిచి, తరువాత గచ్చిబౌలికి తరలింది. అక్కడి జీవశాస్త్రాల విభాగంలో జీవరసాయన శాస్త్రానికి మంచి పేరే వచ్చింది. అయితే చాలాకాలం పాటు అది స్నాతకోత్తర విద్యకు, పరిశోధనకు మాత్రమే పరిమితం. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలకు అక్కడ తలుపు తెరుచుకున్నది 2006లో, ఐదేళ్ళ సమీకృత కోర్సులతో.

మరి బి.ఎస్సీ. స్థాయిలో జీవరసాయనం చదవదలచిన విద్యార్థి ఎక్కడికి వెళ్ళాలి? నగరపు ఆ కొసన ఉన్న ఉస్మానియాకు, దాని కళాశాలలకు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా, శాస్త్రగ్రంథాలను అనువదించడానికి ప్రత్యేకంగా ఒక సంస్థనే నెలకొల్పుకున్నది. దేశభాషలో విజ్ఞానశాస్త్రం చెప్పవచ్చునని అంత సాహసంగా నమ్మిన సంస్థ ఆనాడు మరొకటి కనబడదు. 1887 నాటి నిజాం కళాశాల మాత్రం 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండి, ఆ తరువాతే ఉస్మానియాలో చేరింది.

ఉస్మానియా చుట్టుపక్కల ప్రభుత్వ ప్రయోగశాలలూ వెలిశాయి. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలైన సంస్థ 1958లో తార్నాకకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. సమీపంలోని ప్రాంతీయ పరిశోధనాలయపు జీవరసాయన విభాగం నుండి 1977లో పి.ఎం. భార్గవ గారి నాయకత్వంలో సి.సి.ఎం.బి. రూపుదిద్దుకున్నది. ఆ రోజుల్లో ఉస్మానియా విద్యార్థికి పుస్తకంలో చదివిన శాస్త్రం పక్క వీధిలోనే పనిచేస్తూ కనిపించేది. ఇంత అదృష్టం దేశంలో ఎన్ని ఊళ్ళ విద్యార్థులకు దక్కింది?

బి.ఎస్సీ.లో జీవరసాయనం సాధారణంగా మూడు ప్రధాన విషయాలలో ఒకటి. ప్రయోగశాలలో ఆ విద్యార్థులు భాస్వరాన్ని కొలవడం నేర్చుకుంటారు. మాలిబ్డేట్ కలిపి, తగిన కారకం చేర్చితే ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వక, తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. అమెరికా వెళ్ళి హార్వర్డులో పరిశోధన చేస్తూ, పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రిళ్ళు చాకిరీ చేశారు. పట్టా విలువ ఎంతో, దాని హద్దు ఎక్కడో ఆయన జీవితంకంటే బాగా చెప్పేది నాకు తెలియదు.

ఈ చదువుతో మీకేమి సంబంధమని అడగవచ్చు. చక్కెర పరీక్షకు తీసిన రక్తాన్ని బూడిదరంగు మూత గల గొట్టంలో పోయడం మీరు చూసే ఉంటారు. రక్తకణాలు శరీరం వెలుపల కూడ గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో అలా వదిలేస్తే గంటకు సుమారు 5 నుండి 7 శాతం తగ్గుతుంది. అంటే పరగడుపున 130 ఉన్నవారి చక్కెర మూడు గంటలలో 110 దరిదాపులకో, ఇంకా దిగువకో జారిపోతుంది. మధుమేహం ఉన్నా లేదనిపిస్తుంది. బూడిదరంగు మూత గొట్టంలోని ఫ్లోరైడు ఇనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని ఆ వ్యయాన్ని ఆపుతుంది. అదైనా పూర్తిగా పట్టు చిక్కించుకోవడానికి గంటకు పైగా సమయం పడుతుంది. కొండాపూర్ నుండి ద్విచక్ర వాహనంపై ట్రాఫిక్కులో ప్రయాణించే నమూనాకు ఈ గంటే ముఖ్యం. క్రియాటినిన్ సంగతీ అంతే. 1886లో యాఫే కనుగొన్న రంగుచర్యను చాలా ప్రయోగశాలలు నేటికీ వాడుతున్నాయి. మధుమేహం ముదిరి రక్తంలో కీటోనులు పెరిగినవారిలో ఆ చర్య మూత్రపిండాలు నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ చెడినట్లు చూపగలదు. యంత్రం అంకెను మాత్రమే ఇస్తుంది. ఆ అంకెను అనుమానించవలసినది ఎప్పుడో తెలిసిన మనిషి యంత్రం పక్కన ఉండాలి.

అటువంటి మనిషిని స్వల్ప రుసుముతో తయారుచేసినవి ప్రభుత్వ కళాశాలలే. సైబరాబాదు వచ్చిన తరువాత సైన్సు పిల్లల చూపు కోడింగు వైపు మళ్ళింది. జీతాల తేడా చూస్తే వారిని తప్పుపట్టలేము. ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవలసినది ఒకటుంది. జీవరసాయనంలో బి.ఎస్సీ. వేరు, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో బి.ఎస్సీ. వేరు. మొదటిది శాస్త్రపు మూలాలను నేర్పి ఎం.ఎస్సీ.కి, పరిశోధనకు దారితీస్తుంది. రెండవది ఆసుపత్రి ప్రయోగశాలలో పనికి నేరుగా సిద్ధం చేస్తుంది. మీ అమ్మాయి ఏ గదిలో పనిచేయాలనుకుంటున్నదో డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులో ఐచ్ఛికాలు నింపేముందే ఆమెను అడగండి.