పెరటిలోని కంబము

రాయలసీమ పల్లెలలో ఇల్లు అనగా మిద్దె. రాతిగోడలమీద దూలములు, దూలములమీద దంతెలు, వానిపై చౌడుమట్టి. వేసవి వచ్చినదా, ఇంటిల్లిపాదికి పడక ఆ మిద్దెమీదనే. మిరపకాయలు ఎండుటయు, వడియములు పెట్టుటయు అచ్చటనే. పెంకుటిండ్ల సీమలో కప్పుమీదుగా తీగ పోయినచో కాకులకు మాత్రమే దానితో పని. కర్నూలు, కడప జిల్లాలలో అట్లు కాదు. ఇచ్చట అది మనుష్యుని చేతికి అందును. కాబట్టియే ఈ ప్రాంతపు గృహస్థులు మమ్ము తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు. నేల మాది, అందు పాతిన కరెంటు కంబము మాది కాదు, మిద్దెపై మిద్దె కట్టుకొనదలచితిమి, కంబమును తీయించు ఖర్చు ఎవరు భరింపవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము విద్యుత్తుకంటె పాతది. దానికొరకు తంతి వచ్చిన కాలమునకు పోవలెను.

డల్హౌసీ గవర్నరు జనరలుగా నుండగా, వృత్తిచే వైద్యుడైన ఓషానెస్సీ అను నతడు 1853లో దేశమున తంతి మార్గములు వేయ నారంభించెను. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మదరాసు నగరములు తంతితో కలిసినవి. కంబములకు దొరికిన వస్తువునెల్ల వాడిరి: ఒకచోట కొయ్య, ఒకచోట వెదురు, రాళ్లకు కరవులేని మదరాసు రాజధానిలో కొంతదూరము రాతి స్తంభములనే నిలిపిరి. మదరాసునుండి కడప మీదుగా సాగిన రైలుమార్గము 1871లో రాయచూరు చేరగా, తంతికంబములు రైలుకట్టను అనుసరించి నడచినవి. కట్టయు రహదారియు సర్కారు నేలయే గనుక అంతవరకు గృహస్థునకును కంబమునకును తగవు లేదు.

తగవు రాగలదని ముందుగా ఊహించి వ్రాసినది 1885 నాటి భారత తంతి చట్టము. దాని మూడవ భాగము నేటికిని చదువదగినది. పదవ సెక్షను ప్రకారము తంతి అధికారి ఎవరి నేలలోనైనను కంబము పాతవచ్చును. కాని ఆ నేలపై ప్రభుత్వమునకు ‘ఉపయోగించు హక్కు’ తప్ప మరి యే హక్కును సంక్రమింపదు. వీలైనంత తక్కువ నష్టము చేయవలెను. చేసిన నష్టమునకు సంబంధించినవారందరికి పూర్తి పరిహారము ఈయవలెను. ఇంటివారు అడ్డగించినచో అధికారి జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువు తెచ్చుకొనవలెను. పరిహారము చాలదన్న తగవు జిల్లా జడ్జి తీర్చవలెను. కంబము ప్రక్క గజము నేల సర్కారు పాలైనదని తలచి ప్రహరీ గోడను లోపలికి జరిపి కట్టుకొన్నవారు కలరు. వారు కోల్పోయినది చట్టము తీసికొన్నది కాదు, తమంతట తాము విడిచినది.

పదునేడవ సెక్షను మరింత చిత్రమైనది. నేలగలవాడు తన నేలను మరొక విధముగా వాడుకొనదలచి, అందులకు కంబము అడ్డమైనచో, దానిని తీయుమని గాని మార్చుమని గాని కోరవచ్చును. మునుపు పరిహారము పుచ్చుకొనియున్నచో తరలింపు ఖర్చునో, పరిహారములో సగమునో, ఏది తక్కువైన దానిని చెల్లించవలెను. ఒక లెక్క వేసికొందము. పరిహారము 1000 రూపాయలు. తరలింపు ఖర్చు 6000 రూపాయలు. ఇంటివాడు చెల్లించవలసినది 500 మాత్రమే. పరిహారమే ముట్టనివాని సంగతి? ఆ నిబంధన వానికి వర్తింపనే వర్తింపదు. అధికారి మాట వినకున్నచో జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆయన తీర్పే కడపటిది. ఇంటివానికి ఇంత చోటిచ్చిన సెక్షను ఇండ్లలో ఎందరికి తెలియునో చెప్పజాలము.

ఇచ్చట ఒక మాట. మన శ్రోతలకు ఈ చట్టము కొత్తది కాదు. ఒకప్పుడు ఇంటింట రేడియోపెట్టెకు తపాలా కార్యాలయమున పుచ్చుకొన్న లైసెన్సు ఈ తంతి చట్టము క్రిందిదే. 1980లలో ఆ పద్ధతి పోయెను. 2013 జులైలో తంతివార్తయే ఆగిపోయెను. కంబమును గూర్చిన నియమములు మాత్రము పోలేదు.

ఇక విద్యుత్తు. 1910 నాటి విద్యుత్ చట్టము ఇంటివానిపట్ల ఇంకను మెత్తనిది. లైసెన్సుదారుడు ప్రైవేటు నేలలో పని చేయుటకు యజమానియు అనుభవదారుడును సమ్మతింపవలెను. వారు కాదన్నచో, కంబముగాని దానిని లాగిపట్టు స్టే తీగగాని పాతుటకు జిల్లా మేజిస్ట్రేటు వ్రాతపూర్వకమైన ఉత్తరువు కావలెను. కాని 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము, మంజూరైన పథకములను నడపునపుడు బోర్డులకు తంతి అధికారి అధికారములనే ఇచ్చెను. అనగా 1885 నాటి చట్టము కరెంటు కంబమెక్కినది.

కర్నూలు 1953 అక్టోబరు 1 నుండి మూడేండ్లు ఆంధ్రరాష్ట్రపు రాజధానిగా నుండెను. కచేరీలు డేరాలలో నడచిన రోజులవి. 1957లో తుంగభద్ర ఆనకట్టవద్ద విద్యుదుత్పత్తి మొదలయ్యెను. 1959 ఏప్రిలు 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడెను. అటుపై కంబములు బావులను వెదకికొనుచు మెట్టచేలలోనికి సాగినవి. వేరుశనగ రైతుకు మోటారు వచ్చినది. కపిల తోలిన ఎద్దులకు విరామము దొరికినది. ఈ సీమలో విద్యుత్తు చేసిన మేలు చిన్నది కాదు. ఇండ్ల తగవు చెప్పునపుడు దానిని మరచుట న్యాయము కాదు.

ఊరిదగ్గర కంబములు ఎక్కడ పాతిరి? ఊరి చివర కళ్లములలో, వామిదొడ్లలో, పేడదిబ్బల ప్రక్కన. ఎవరికిని అడ్డములేని చోట్లనే. పిదప ఊరు పెరిగెను. అన్నదమ్ములు పాలు పంచుకొనిరి. కళ్లము ఇల్లైనది, దిబ్బ వాకిలియైనది. కంబము కదలలేదు, ఇల్లే దానియొద్దకు వచ్చినది. ఊరి నడుమ వీధులలో కథ తలక్రిందు: అచ్చట మిద్దె ముందు, కంబము వెనుక.

ఈ ముందువెనుకలే సమస్తమునకు మూలము. చెట్టు విషయమున చట్టము దీనిని సూటిగా చెప్పినది: తంతికి అడ్డమైన చెట్టును కొట్టింపవచ్చును గాని, తీగకు ముందే ఆ చెట్టున్నచో పరిహారము ఈయవలెను. 1885లో వ్రాసిన ఆ న్యాయమే 2003 నాటి విద్యుత్ చట్టములోను కలదు. ఇంటికిని ఇంచుమించుగా అదే వరుస. 1956 నాటి విద్యుత్ నియమముల మేరకు తీగ క్రింద కొత్తగా కట్టువాడు, లేక ఉన్న మిద్దెను పెంచువాడు, ముందుగా సరఫరాదారునకు వ్రాసి తెలుపవలెను; తీగ మార్చు ఖర్చు వానిపై పడును. తీగయే వెనుక వచ్చినచో దూరము పాటింపవలసిన భారము తీగ వేసినవారిది. ఆ దూరమును మీటర్ల లెక్కలో చెప్పెదము: ఇండ్లకిచ్చు తక్కువ ఓల్టేజి తీగ మిద్దెకు 2.5 మీటర్ల ఎత్తున, ప్రక్కగోడకు 1.2 మీటర్ల దూరమున నుండవలెను. 11 వేల ఓల్టుల తీగకైనచో ఎత్తు 3.7 మీటర్లు. 2010లో వచ్చిన నియమములలోను అంకెలు ఇవే. రెండున్నర మీటర్లనగా ఎనిమిదడుగులకు కొంచెము పైన. మంచముమీద నిలిచి దోమతెర కట్టువాడు చేయి చాచినచో ఆ దూరము చాలదు. మిద్దెల సీమలో ఈ అంకె తక్కువయే యని మా అభిప్రాయము.

మరి ముందువెనుకలను రుజువు చేయుట ఎట్లు? ఇక్కడనే మన జిల్లాల గృహస్థుడు చిక్కుపడును. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తము చేయగా, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నున్న మన్రో పొలములను ఒక్కొక్కటిగా కొలిపించెను. నవాబు ఏలుబడిలోని కర్నూలు 1839లోగాని కుంపిణీ వశము కాలేదు. శిస్తు వచ్చునది పొలమునుండి గనుక కొలత పొలమునకే. ఊరున్న నేల గ్రామనత్తమని, గ్రామకంఠమని ఒకే ముక్కగా మిగిలెను. దానికి పట్టా లేదు. 1905 నాటి మదరాసు భూ ఆక్రమణ చట్టము ఇంటిజాగాగా, పెరడుగా సొంతమైన నేల సర్కారుది కాదని ఒప్పుకొన్నది గాని, ఏ జాగా ఎవరిదో వ్రాసిపెట్టలేదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకమున డ్రోనులతో ఇంటిజాగాలను కొలిపించుట ఇందుకొరకే. అంతవరకు తాతలనాటి మిద్దెకు నిన్న పాతిన కంబముపాటి దస్తావేజు లేదు. కంబమునకు బోర్డు రికార్డులలో పటమున్నది, అంచనా ఉన్నది. అయినను పట్టాలేనివాడు నిరాశపడ నక్కరలేదు. 1910 చట్టము యజమానితోపాటు అనుభవదారుని మాటను కూడ లెక్కించినది. పంచాయతికి కట్టిన ఇంటిపన్ను రసీదు ఇల్లు ఎప్పటిదో చెప్పగలదు. పాత రసీదులను చెదలపాలు చేయువారు తమ సాక్షిని తామే పోగొట్టుకొనుచున్నారు.

నేడు నడచునది 2003 నాటి విద్యుత్ చట్టమును, దానిక్రింద 2006లో చేసిన నియమములును. వీని ప్రకారము లైసెన్సుదారుడు ప్రైవేటు నేలలో పనికి సమ్మతి పొందవలెను. కాదన్నచో జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకొనవలెను. ఆయన పరిహారమునో, ఏటేట అద్దెనో, రెండునో నిర్ణయించును. కాని 164వ సెక్షను క్రింద ప్రభుత్వము తంతి అధికారములను ప్రత్యేకముగా ఇచ్చిన సంస్థకు ఈ సమ్మతి అక్కరలేదు. పవర్‌గ్రిడ్ సంస్థకును సెంచరీ టెక్స్‌టైల్సు కంపెనీకిని నడిచిన వ్యాజ్యెమున సుప్రీంకోర్టు 2016లో ఈ మాటనే ఖాయపరచినది. 2023లో పార్లమెంటు చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టమున తంతి చట్టమును రద్దుచేయు నిబంధన వ్రాసినవారే, 164వ సెక్షను క్రింద వేయు విద్యుత్ ప్రసార మార్గములకు దాని మూడవ భాగము కొనసాగునని ప్రక్కనే చేర్చిరి.

గృహస్థుడు చేయదగిన పని యిది. ఎనిమిది మీటర్ల సిమెంటు కంబము ఆరవవంతు నేలలో నుండును. దాని మొదట పునాది త్రవ్వరాదు. స్టే తీగకు ఎనుమును కట్టరాదు, బట్టలారవేయరాదు. కట్టడమునకు ముందే స్థానిక విద్యుత్ కార్యాలయమున అర్జీ ఇచ్చి అంచనా వేయించుకొనవలెను. ఖర్చు డిపాజిట్టు చేసినచో వారు తరలింతురు. సాధారణముగా జరుగుచున్నది ఇదే. ఇల్లు ముందటిదని రుజువున్నవాడు మాత్రము డబ్బు కట్టుటకు ముందు కలెక్టరుకు అర్జీ పెట్టుకొనుట మేలు. తగిన కారణము చూపినచో కంబమును తీయుమని గాని మార్చుమని గాని ఉత్తరువు చేయు అధికారము 2006 నియమములలోను ఆయనకు కలదు. అయితే పదునేడవ సెక్షను క్రింద పోవువాడు ఒక సంగతి ఎరిగియుండవలెను: కంబమును ఆ నేలలోనే మరియొక చోటికి మార్చుమనుటకును మేజిస్ట్రేటుకు అధికారము కలదు. వంటింటి ప్రక్కనున్న కంబము బావి ప్రక్కకు రావచ్చును.