నాణ్యతా పత్రాల నియంత్రణ: సాఫ్ట్‌వేర్ ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఔషధ కర్మాగారంలో ఒక తయారీ విధానాన్ని సవరించిన తరువాత కూడా ఉత్పత్తి విభాగం పాత ప్రతినే అనుసరిస్తే, ఆ బ్యాచ్ మొత్తాన్ని నిలిపివేయవలసి రావచ్చు. లోపం బయటపడకుండా మందు మార్కెట్‌కు చేరితే నష్టపోయేది రోగి. అందుకే నాణ్యతా నిర్వహణ వ్యవస్థలో పత్రాల నియంత్రణకు అంత ప్రాధాన్యం ఉంది.

నిబంధనలు ఏమి కోరుతున్నాయి?

ఐఎస్‌ఓ 9001:2015 ప్రమాణంలోని 7.5 విభాగం ప్రకారం పత్రాలను సమీక్షించి ఆమోదించాలి, మార్పులను నియంత్రించాలి, అవసరమైన చోట, అవసరమైన వేళ అందుబాటులో ఉంచాలి. ఇందుకు సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. కాగితపు దస్త్రాలతోనూ ఈ షరతులను నెరవేర్చవచ్చు.

భారతదేశంలోని ఔషధ తయారీదారులకు కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నోటిఫై చేసిన సవరించిన షెడ్యూల్ ఎం వర్తిస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాల నుంచి అమెరికాకు మందులు ఎగుమతి చేసే సంస్థలు తమ నాణ్యతా రికార్డులను ఎలక్ట్రానిక్ రూపంలో నిర్వహిస్తే, ఆ దేశంలో 1997 నుంచి అమలులో ఉన్న ‘21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11’ నిబంధనలనూ పాటించాలి. వాటి ప్రకారం రికార్డులో మార్పును ఎవరు, ఎప్పుడు చేశారో కంప్యూటరే నమోదు చేయాలి; పాత సమాచారం మరుగున పడరాదు. ఎలక్ట్రానిక్ సంతకంలో పేరు, తేదీ, సమయంతో పాటు అది సమీక్షకా, ఆమోదానికా అన్నదీ కనిపించాలి.

ఎంపికకు ముందు పరీక్ష

విక్రేత చూపే నమూనాతో సరిపెట్టుకోకుండా, సంస్థ తన సొంత పత్రంతోనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం మేలు. పత్రాన్ని సవరించి ఆమోదించిన వెంటనే పాత ప్రతి వాడుక నుంచి తొలగిందా? ముద్రించిన ప్రతులకు లెక్క ఉందా? కొత్త విధానంపై శిక్షణ పొందనివారి వివరాలు తెలుస్తున్నాయా? బ్యాకప్ నుంచి సమాచారం తిరిగి లభిస్తోందా? ఒప్పందం ముగిసినప్పుడు మార్పుల చరిత్రతో సహా రికార్డులను వెనక్కు తీసుకోగలరా? ఈ ప్రశ్నలకు ఆచరణలో సమాధానం దొరకాలి.

లైసెన్సు రుసుముతో ఖర్చు ముగియదు. పాత పత్రాల బదిలీ, సిబ్బంది శిక్షణ, వ్యవస్థ సక్రమంగా పనిచేస్తోందని నిరూపించే వ్యాలిడేషన్‌కూ నిధులు కేటాయించాలి. పత్రాలు తక్కువగా ఉన్న చిన్న సంస్థకు, పరీక్షించని సాఫ్ట్‌వేర్ కంటే క్రమబద్ధమైన రిజిస్టరే సురక్షితం.

‘పార్ట్ 11కు అనుగుణం’ అన్న ప్రకటనను ధ్రువీకరణగా భావించరాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఏ సాఫ్ట్‌వేర్‌కూ అటువంటి ధ్రువపత్రం ఇవ్వదు. తనిఖీ అధికారుల ఎదుట జవాబు చెప్పవలసినది విక్రేత కాదు, దానిని వాడుతున్న సంస్థే.