నాన్‌మెమ్: ఎవరికి ఎంత మందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్

ఒకే మందు, ఒకే డోసు ఇచ్చినా అందరి ఒంట్లో ఒకేలా పనిచేయదు. వయసు, బరువు, కిడ్నీలు, లివర్ పనితీరును బట్టి ఒకరి రక్తంలో మందు త్వరగా తగ్గిపోతుంది, మరొకరిలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఈ తేడాలను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామే నాన్‌మెమ్. దీని పూర్తి పేరు నాన్‌లీనియర్ మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడలింగ్.

ఎవరు తయారు చేశారు?

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లూయిస్ షైనర్, గణాంక శాస్త్రవేత్త స్టూవర్ట్ బీల్ కలిసి దీన్ని తయారు చేశారు. తొలి వెర్షన్ 1980లో వచ్చింది. ఫోర్ట్రాన్ భాషలో రాసిన ఈ ప్రోగ్రామ్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

అవసరం ఏమిటి?

పాత పద్ధతిలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు మందిచ్చి, ఒక్కొక్కరి నుంచి చాలాసార్లు రక్తం తీసి, ఎవరి లెక్క వారికి విడిగా వేసేవారు. పసిపిల్లల దగ్గర అన్నిసార్లు రక్తం తీయడం కుదరదు. అందుకే, వైద్యంలో భాగంగా ఎలాగూ తీసే ఒకటి రెండు శాంపిళ్లనే చాలామంది రోగుల నుంచి కలిపి లెక్క చేసే దారి నాన్‌మెమ్ చూపింది.

ఎలా పనిచేస్తుంది?

లెక్కలో మూడు అంశాలుంటాయి. మొదటిది, సగటు మనిషి శరీరం మందును ఎంత వేగంగా వదిలించుకుంటుందన్నది. రెండోది, మనిషికీ మనిషికీ ఉండే తేడా. మూడోది, ల్యాబ్ పొరపాట్ల వల్ల, టైమ్ తప్పుగా రాయడం వల్ల మిగిలే తేడా. ఈ మూడింటినీ సాఫ్ట్‌వేర్ విడదీసి చూపిస్తుంది.

పసిపిల్లల ఉదాహరణ

ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్‌పై 1985లో వచ్చిన అధ్యయనం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. నెలలు నిండకుండా పుట్టిన 59 మంది శిశువుల నుంచి దొరికినవి 155 శాంపిళ్లే, అంటే ఒక్కొక్కరికి సగటున మూడు కూడా లేవు. అయినా, ఈ శిశువుల రక్తంలో మందు సగానికి తగ్గడానికి దాదాపు ఆరు రోజులు పడుతుందని తేలింది. ఇలాంటి మందును రోజూ మొదటి డోసంత ఇస్తూ పోతే ఒంట్లో పేరుకుపోతుంది. అందుకే మొదట పెద్ద డోసు, తర్వాత చిన్న డోసులు ఇస్తారు.

పరిమితులు

డేటా ఎవరిదైతే, ఫలితం వారికే నప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు అధ్యయనంలో లేకపోతే, వారి డోసు ఆ లెక్కతో తేలదు. పైగా ఈ సాఫ్ట్‌వేర్ ప్రిస్క్రిప్షన్ రాయదు. దారి మాత్రమే చూపిస్తుంది, నిర్ణయం డాక్టరుదే. పెద్దల మాత్రను ఇంట్లో సగం చేసి పిల్లలకు వేయడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

నేర్చుకోవాలంటే

నాన్‌మెమ్‌కు లైసెన్సు కావాలి. ఫార్మ్‌డీ, ఎంఫార్మసీ చదివే పిల్లలు ఆర్ భాషలో ఉచితంగా దొరికే ఎన్‌ఎల్‌మిక్సార్‌2 ప్యాకేజీతో ఇదే తరహా లెక్కలు ఇంట్లోనే నేర్చుకోవచ్చు.