కాలువ గట్టు మీద బోధ

ఈ వారం ఎపిసోడ్‌లో ఒంగోలు కాలువ సంగతి రెండు నిమిషాల్లో చెప్పి వదిలేశాను. ఇంకా వివరంగా కావాలని చాలామంది మెసేజ్ పెట్టారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. కువైట్‌లో మా గదిలో శుక్రవారం రాత్రి పది పదిహేనుమందిమి కూడుకుంటాం. ఒక వారం నేను ప్రకటన గ్రంథంలో ఏడు ముద్రల మీద గంటసేపు చెప్పాను. బాగా సిద్ధపడే వెళ్ళాను. ఇద్దరు కూర్చున్నచోటే నిద్రపోయారు. చివర్లో ఒక తమ్ముడు, "అన్నా, ఇంటికి ఫోన్ చేయాలంటే భయమేస్తోంది, అప్పు సంగతి అడుగుతారు. దీనికి వాక్యంలో ఏమైనా ఉందా?" అన్నాడు. నా నోట్సులో జవాబు లేదు. ఆ రాత్రి మా నాయనమ్మ చెప్పే కాలువ కథ గుర్తొచ్చింది. వాళ్ళది ఒంగోలు వైపే.

జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. అంతకుముందు మిన్నెసోటాలో భూములు సర్వే చేసే పని చేశాడు. 1876-78 కరువులో ఆ పాత పనే అక్కరకొచ్చింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడ వేరేవాళ్ళ చేతికింద మాదిగలకు అవమానాలు తప్పేవి కావు. క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకుని, తన ప్రచారకులనే మేస్త్రీలుగా పెట్టాడు.

అవి తోలు పని చేసే చేతులు. పలుగూ పారా అలవాటు లేదు. బొబ్బలెక్కిన చేతులతో ఎండలో మట్టి తట్టలు మోశారు. సైట్‌లో మొదటి నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళు కాసేపు అలుపు తీర్చుకోవడానికి కూర్చుంటే, మేస్త్రీగా ఉన్న ప్రచారకుడూ పక్కనే కూర్చునేవాడు. పీఠం లేదు, ప్రసంగం లేదు. అక్కడ ఎక్కువగా చెప్పిన వాక్యం మత్తయి 11:28, బరువు మోసి అలసినవాళ్ళను యేసు తన దగ్గరికి రమ్మన్న మాట. అప్పుడే తట్ట దించినవాడికి దానికి అర్థం చెప్పాల్సిన పనేముంది? మళ్ళీ చెప్పమని అడిగేవారట.

కూలి ఆశ చూపి మతంలోకి లాగారు అనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అడగాల్సిన ప్రశ్నే. అయితే కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. నీళ్ళలోకి దిగి బాప్తిస్మమిచ్చింది తెలుగు ప్రచారకులే, ఆరుగురు, విడతకు ఇద్దరు చొప్పున. మనవాళ్ళు గొప్పగా చెప్పుకునేది ఆ అంకె. నాకు మాత్రం గట్టు మీద కూర్చున్న ఆ పేరు తెలియని మేస్త్రీలే పెద్దవాళ్ళుగా కనిపిస్తారు.

మనలాగే కడలి దాటినవాళ్ళ దగ్గరికీ ఆ బోధ వెళ్ళింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఐదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళిన తెలుగు కూలీల కోసం, తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను పంపారు. పంపింది దొరలు కాదు, మన సంఘాలే. కెర్స్నీ టీ తోటలో అదే ఏడాది సంఘం ఏర్పడింది. సొంత భాషలో పలకరించే మనిషి దొరకడమంటే ఆ తోటలో ఏమిటో, ఇక్కడున్న మనకు తెలుసు.

తర్వాతి శుక్రవారం నేను నోట్సు తీసుకెళ్ళలేదు. ఆ తమ్ముడి మంచం మీద కూర్చుని అప్పెంత, వడ్డీ ఎంత, జీతంలో ఎంత పంపగలడు అన్నీ ఒక కాగితం మీద రాశాం. మత్తయి 11:28 చదివాం. తర్వాత వాడు ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టరా అంటే వినకుండా, బయట మెట్ల మీదికెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడాడు.