నేయకముందే కనిపించే చీర

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మబ్బును నమ్మి వేరుసెనగ విత్తిన రైతుకు వాన తప్పిన ఏట పెట్టుబడి కూడ తిరిగి రాదు. ఇట్టి సీమలో ధర్మవరం పట్టణము మగ్గమును నమ్ముకొన్నది. ఈ పట్టణము 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

మగ్గములోనూ నష్టభయమున్నది. పట్టు, జరీ ఖరీదైన సరకులు. ఒక్కొక్క చీరకు రోజుల తరబడి శ్రమ పట్టును. అంచులోని నెమలి మెడ వంకర పోయినదని నేసిన తరువాత తెలిసిన, దిద్దుకొనుటకు దారి లేదు. కనుక చీరను నేయకముందే చూడవలెను. ఎట్లు?

లేపాక్షిలో 16వ శతాబ్దపు ఆలయమున్నది. అక్కడి స్తంభములపై చెక్కిన లతలు, పువ్వులు చీరల అంచులకు మాదిరులైనవి. కాని రాతిపై ఉలి ఎటు కావలెనన్న అటు వంపు తిరుగును, దారము తిరుగదు. పడుగు నిలువుగా, పేక అడ్డముగా పోవును. అందుచేత లతను గళ్ళకాగితముపై తిరిగి గీయవలెను. ఒక్కొక్క గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు.

ఇక్కడ ఒక చిక్కున్నది. అంగుళమునకు పడుగు పోగులు 80, పేక పోగులు 60 అనుకొందము. మామూలు చదరపు గళ్ళ కాగితముపై 80 గళ్ళ వ్యాసముతో చక్కని వృత్తము గీసినామనుకొనుడు. బట్టపై దాని వెడల్పు 1 అంగుళము, ఎత్తు 1.33 అంగుళములు అగును. కాగితముపై వృత్తము, చీరపై కోడిగ్రుడ్డు! దీనికి విరుగుడు, వెడల్పు 3 పాళ్ళు, ఎత్తు 4 పాళ్ళు ఉండు గళ్ళతో కాగితము తయారు చేయుట. అప్పుడు కంటికి కనిపించునదే బట్టపైకి వచ్చును.

1804లో ఫ్రాన్సు దేశస్థుడు జకార్డు, రంధ్రములు చేసిన అట్టలతో పడుగు పోగులను ఎత్తు యంత్రమును రూపొందించినాడు. రంధ్రమున్నచో పోగు లేచును, లేనిచో లేవదు. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. 1839లో పట్టుపై నేసిన జకార్డు చిత్రమునకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. అన్ని అట్టలకు రంధ్రములు కొట్టిన పిమ్మట తప్పు తెలిసిన ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. గళ్ళకాగితముపైనే తప్పు పట్టుకొనుట ఎంత లాభమో దీనివలన తెలియును. ఈ అట్టలనే ఇంగ్లండులో బాబేజీ తన లెక్కల యంత్రమునకు వాడదలచినాడు.

1968లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన ప్రదర్శనలో ఐ.బి.ఎం. సంస్థ తెరపై గీసిన బొమ్మను మగ్గముచేత నేయించి చూపినది. గళ్ళకాగితము చేయు పని తెరకు వచ్చినది. తరువాత ధర్మవరములోనూ అంచుల నమూనాలను కంప్యూటరుపై గీయుట వాడుకైనది.

తెర కూడ చుక్కల గళ్ళే కదా! 1991లో వెబ్‌సైట్లు వెలసిన తరువాత, వాటి పుటలను మార్చువారికి పాత ప్రశ్నే ఎదురైనది. మీటను పక్కకు జరిపిన, అక్షరము పెంచిన పుట ఎట్లుండును? అంతయు తిరిగి వ్రాయకముందే మారిన పుటను బొమ్మగా చేసి చూతురు. దీనినే మాక్-అప్ అందురు.

ఇక్కడ కూడ నేతగాని లెక్కయే వర్తించును. ఇంగ్లీషు మాటలతో చేసిన బొమ్మలో వరుసలు చక్కగా అమరవచ్చును. ఆ చోటనే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని పెట్టిన వత్తులు కింది వరుసకు తగులును, గుడులు పైన తెగును. కనుక తెలుగు పుటకు బొమ్మ చేయువారు అసలు తెలుగు మాటలనే అందులో పెట్టి చూడవలెను. పోగుల లెక్క తెలియక గీసిన వృత్తము చీరపై ఏమగునో ధర్మవరము నేతగాండ్రకు తెలియును.