పేరాల మగ్గాలు, రాత్రి పని

బాపట్ల జిల్లాలో చీరాలను ఆనుకుని ఉన్న పేరాల గుంటమగ్గాల మీద బతికిన ఊరు. నేతగాడికి ముట్టేది రోజుకూలి కాదు, మజూరీ. నేసిన గుడ్డను బట్టే డబ్బు. నాలుగు డబ్బులు ఎక్కువ కావాలంటే నిద్ర తగ్గించుకోవాల్సిందే.

పని చీకటితోనే వీధిలో మొదలయ్యేది. పడుగును బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఎండెక్కితే గంజి చప్పున ఆరి పోగులు తెగుతాయి. ఆ తర్వాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు దీపాలు పెట్టినా లేవడు. ఆడవాళ్లు వంటపనుల నడుమ కండెలు చుట్టాలి; ఆ పనికి విడిగా మజూరీ లేదు. వానలకు గుంటలో నీరు ఊరి మగ్గం ఆగితే, పోయిన రోజుల్ని పండగ ముందు రాత్రుళ్లలో రాబట్టుకోవాలి.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల-పేరాల జనం ఊరు ఖాళీచేసి రామనగరం గుడిసెల్లో నెలల తరబడి ఉన్నది మున్సిపల్ పన్ను వద్దనే. స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగానే చరిత్ర దాన్ని చెబుతుంది. అయితే మజూరీ మీద బతికే ఇంట్లో పన్ను పెరిగితే, అది కట్టడానికి మరికొన్ని రాత్రుళ్లు కూర్చోవాలన్నది కూడా మరువరాదు.

ఆ రోజుల్లోనే జపాన్ నూలుమిల్లుల్లో ఆడపిల్లలు పన్నెండేసి గంటల షిఫ్టుల్లో రాత్రంతా పనిచేసేవారు. వాళ్ల రాత్రిపనిపై నిషేధం 1929లో గానీ అమలుకు రాలేదు. ఆ దేశపు చౌక మిల్లుగుడ్డ భారత మార్కెట్లో చేనేతకు గట్టి పోటీ అయింది. అక్కడ నిద్రమాని చేసిన గుడ్డ ఇక్కడి మజూరీని కిందికి లాగిందంటే అతిశయోక్తి కాదు.

ఇక్కడి ఫ్యాక్టరీల చట్టం 1922లో వారానికి 60 గంటలు, 1948లో 48 గంటల హద్దు గీసింది. ఇంటి మగ్గం ఫ్యాక్టరీ కాదు కనుక ఆ హద్దు దానికి వర్తించలేదు. కరెంటు బల్బు వచ్చాక రాత్రి పని ఇంకా సుళువైంది, అంటే ఇంకా పెరిగింది.

అతిపని మరణాలకు జపాన్ తర్వాతి కాలంలో పరిహారం ఇవ్వసాగింది. చీరాల ప్రాంతపు నేతగాళ్ల చావులు పత్రికలకెక్కింది 1991లో, ఆకలి చావులుగా. నూలు ధర మండిపోయి మగ్గాలు ఆగిన కాలమది. 2019లో వచ్చిన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. పరాయి షెడ్డులో మజూరీకి నేసేవాళ్లు అందులోకి రాలేదు.