మా ఊళ్లో చనిపోయిన జనరల్ నిరుపేదా?

గ్రాండ్ రూలో 113వ నంబరు ఇల్లు బులోన్ వాళ్లకి కొత్తగా చూపించక్కర్లేదు. పాత కాగితాల్లో 105 అని కనిపిస్తే కంగారుపడకండి, నంబరు మారింది గానీ ఇల్లు అదే. వకీలు అడోల్ఫ్ జెరార్ గారి ఆ మేడ రెండో అంతస్తులో అద్దెకుంటూ 1850 ఆగస్టు 17న జనరల్ హోసే దె సాన్ మార్తిన్ కన్నుమూశారు. 1817లో ఆండీస్ దాటి చిలీకి, 1821లో పెరూకి స్వాతంత్ర్యం తెచ్చిన ఆయన మా ఊళ్లో దిక్కూ దివాణం లేక పోయారని అట్లాంటిక్ అవతల ఒక కథ స్థిరపడింది. చరిత్రగా ఆ కథ నిలవదు, పైగా మా ఊరికి మచ్చ.

ఆయన కష్టాలు పడ్డది నిజమే, కానీ ఎప్పుడన్నదే అసలు పేచీ. 1824లో ఐరోపాకి వచ్చిన తొలి ఏళ్లలో పెరూ పింఛను సరిగా అందలేదు. 1832లో కలరా కూడా తగిలింది. అప్పుడు ఆదుకున్నది స్పెయిన్ సైన్యంలో పాత సహచరుడు, బ్యాంకరు అగ్వాదో. అయితే 1834లో గ్రాన్ బూర్‌లో తోట ఇల్లు, ఆ వెంటనే పారిస్‌లో మరో ఇల్లు కొన్నారు. 1842లో అగ్వాదో పోతే ఆయన పిల్లల సంరక్షణ ఈయనకే అప్పగించారు. చేతిలో చిల్లిగవ్వ లేనివాణ్ణి ఎవరైనా అలా నమ్ముతారా? 1844 జనవరి నాటి వీలునామా ఇంకా గట్టి సాక్ష్యం: ఆస్తి కూతురు మెర్సెదెస్‌కి, అక్కకి ఏటా వెయ్యి ఫ్రాంకులు, కత్తి అప్పటి బ్వేనోస్ ఐరెస్ పాలకుడు రోసాస్‌కి. అప్పులు లేవని కూడా అందులోనే రాసుకున్నారు.

చూపు పోయింది కదా అంటారు. శుక్లాలు ముదిరిన మాట నిజం, కానీ చూపు మందగించడం పేదరికం కాదు. దేశం వెళ్లగొట్టింది కదా అని మరొకరంటారు. 1829లో బ్వేనోస్ ఐరెస్ రేవు దాకా వెళ్లి, అక్కడి అంతర్యుద్ధంలో పక్షం పట్టడం ఇష్టంలేక దిగకుండా తిరిగొచ్చింది ఆయనే. 1848 విప్లవానికి పారిస్ వదిలి మా ఊరు చేరిందీ సొంత నిర్ణయమే. అవసరమైతే ఇంగ్లండ్ ఒక్క సముద్రపాయ దూరం. చివరి క్షణాల్లో కూతురూ అల్లుడూ పక్కనే ఉన్నారు. ఇంటి యజమాని జెరార్ ఆ వారంలోనే మా ఊరి పత్రికలో గౌరవంగా సంస్మరణ రాశారు. భౌతికకాయాన్ని మా బసిలికా నేలమాళిగలో 1861 దాకా భద్రపరిచాం. ఇక్కడ వెలసిన నెపోలియన్ సైనిక శిబిరం గురించి తెగ చెప్పుకునే మనం, 1808లో బైలెన్‌లో అదే నెపోలియన్ సేనపై పోరాడిన వ్యక్తిని ఇలా చూసుకోవడం చిన్న సంగతేమీ కాదు.

సముద్రపు ఒడ్డున 1909లో ప్రతిష్ఠించిన గుర్రపు విగ్రహం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోయే అతిథులని ఒక్కసారి గ్రాండ్ రూ ఎక్కించండి. ఆ మేడ చూశాక కూడా ఎవరైనా దిక్కులేని చావు అంటే, వీలునామా చదివి రమ్మనండి.